తొలినీళ్లు

ఆ ఇత్తడి చెంబు ఎర్రిస్వామిది. బోరు లారీ మీద పనిచేసినన్నాళ్లూ డ్రైవరు సీటు వెనక వేలాడేది. ఎక్కడ బోరు వేసినా సరే, ఎర్రబురద అంతా కక్కేసి తెల్లనీళ్లు ఎగజిమ్మగానే ఆ చెంబు పట్టాల్సిందే. తొలినీళ్లు నేలపాలు కాకూడదు. అక్కడున్న వాళ్లలో పెద్దతల ఎవరో వాళ్లు తాగి రుచి చెప్పాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు తాగేది, టెంకాయ కొట్టేది. అది బోరువాళ్ల కట్టుబాటు.

ఇప్పుడు బోర్లు లేవు. రాళ్లవంక చుట్టూ ఎంత లోతుకు తొలిచినా రాతిపొడి తప్ప తేమ తగలడం మానేసి చాలా ఏళ్లయింది. లారీలు పాత ఇనుముకు పోయాయి. వాటి మీద పనిచేసిన వాళ్లలో సగంమంది ఊరి చివర మళ్లీనీళ్ల ప్లాంటులో చేరారు. ఊరు వాడేసిన నీళ్లు మురుగుకాలువల గుండా అక్కడికి వస్తాయి, శుభ్రపడి మళ్లీ ఊరికే పోతాయి. అందుకే జనం దానికి ఆ పేరు పెట్టుకున్నారు. మొదట్లో ముక్కు మూసుకుని నవ్వినవాళ్లే ఇప్పుడు ఆ నీళ్ల కోసం బిందెలు వరసలో పెడుతున్నారు.

ప్లాంటు గొట్టాలను కొత్త మందుతో కడిగిన ఆ రోజు ఎర్రిస్వామి ఉతికిన చొక్కా వేసుకుని, చెంబు చింతపండుతో తోమించుకుని ప్లాంటుకు వచ్చాడు. కుంటుతూ మెట్లెక్కి శుద్ధినీళ్ల తొట్టి పక్కన నిలబడ్డాడు. ఆ తొట్టి ఒక చెరువంత ఉంటుంది. ఎండకు నీళ్లు ఆవిరి కాకుండా దాని మీద నల్లటి టార్పాలిన్ పట్టాలు బిగించి కట్టారు. వాటి కింద పట్టపగలు కూడా చీకటే.

"కడిగినాక వచ్చే మొదటి నీళ్లు పారబోయాల," అన్నాడు మేనేజరు విరూపాక్షప్ప. "రూలు అట్ల ఉండాది."

"ఆ రూలు బ్లీచింగుతో కడిగినప్పుటిది సార్," అన్నాడు మస్తాన్‌వలి. ఒకప్పుడు ఎర్రిస్వామి లారీలో హెల్పరు, ఇప్పుడు ప్లాంటులో వాల్వులన్నీ అతని చేతిలో ఉంటాయి. "ఈ మందు విషం కాదని పాపే చెప్పింది గదా. తొలినీళ్లు పారబోసిన బోరు ఒక్కటన్నా నిలిచిందా? ఒక్కటి చెప్పండి సార్ చూద్దాం."

"ఇది బోరు కాదప్పా!"

"నీళ్లు నీళ్లే గదా సార్."

ఇద్దరూ పెన్నేశ్వరి వైపు చూశారు. ఎర్రిస్వామి కూతురు. ఆ ఇంట్లో బడి దాటి కాలేజీకి పోయిన మొదటి మనిషి. ఈ ప్లాంటుకు పరిశోధకురాలిగా వచ్చి, ఆ మందు కనిపెట్టింది ఆమే.

పెన్నేశ్వరి చేతిలో చిన్న గాజుపట్టీ ఉంది. దాని మీద కావాలని పెంచిన పాచి, చల్లారిన పాల మీద మీగడలా బిగిసి ఉంది. పొద్దున తొట్టిలోంచి ముంచిన సీసాను ప్రయోగశాల కిటికీ గట్టున పెట్టింది. ఇంతలో పూజకు రమ్మని మస్తాన్‌వలి లాక్కుపోయాడు. పూజయ్యాక తిరిగొచ్చి ఆ సీసా నీళ్లలో ఈ పట్టీ ముంచి చూసింది. నీళ్లలో మందు ఏమాత్రం మిగిలున్నా పాచి జారిపోయేది. జారలేదు.

"మందు మిగల్లేదు సార్," అంది. "తాగొచ్చు."

చెంబు ఆమే ముంచింది. రెండు చేతులతో తండ్రికి ఇచ్చింది. ఎర్రిస్వామి గుటకలు వేస్తూ చివరి చుక్కదాకా తాగాడు. పనివాళ్లంతా ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

"తియ్యగుండాయి," అన్నాడు మూతి తుడుచుకుని. "యాడా అడుగురాయి రుచి తగల్లేదు."

మస్తాన్‌వలి ఈల వేశాడు. టెంకాయ పగిలింది. సోమవారం మధ్యాహ్నానికి తొట్టి నిండుతుంది, ఊరికి నీళ్లు వదులుతామని విరూపాక్షప్ప మైకులో చెప్పించాడు.

*

ప్లాంటులో అసలు పని చేసేవి జడలు. పిల్లి మీసమంత సన్నటి గొట్టాలను వేలకొద్దీ కట్టలు కట్టి మురుగునీళ్లలో వేలాడదీస్తారు. వాటి గోడల్లోని కంటికి కనపడని రంధ్రాల గుండా నీళ్లు మాత్రమే లోపలికి పోతాయి, క్రిములూ మలినమూ బయటే ఆగిపోతాయి. తడితలలా వేలాడుతాయి కాబట్టి పనివాళ్లు వాటిని జడలన్నారు. చిక్కల్లా పాచితోనే. క్రిములు ఆ జడల మీద చేరి జిగురు వడికి ఇల్లు కట్టుకుంటాయి. రంధ్రాలు మూసుకుపోతాయి. బ్లీచింగు పోసినా నిమ్మఉప్పు పోసినా పైపొర మాత్రం కదులుతుంది, లోపలి ఇల్లు కదలదు. పైగా కడిగిన ప్రతిసారీ జడలు పెళుసెక్కుతాయి. ఈ ఎండాకాలం అవి పూర్తిగా మూసుకుపోయాయి. కొత్తవి సముద్రం దాటి రావాలి, ఎప్పుడొస్తాయో తెలియదు. ఊరు ట్యాంకర్ల వెంట పరుగెత్తడం మొదలుపెట్టింది.

పెన్నేశ్వరి క్రిములను చంపే మందు వెతకలేదు. ఆకలైనప్పుడు, ఇల్లు ఇరుకైనప్పుడు క్రిములు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి: లేవండి, పోదాం. ఆ కబురు ఒక చిన్న రసాయనం. దాన్ని మురుగులోంచి విడదీసి, సీసాల్లో తయారుచేసింది. దానికి 'వీడ్కోలు' అని పేరు పెట్టుకుంది. పాచి పట్టిన జడ మీద చుక్క వేస్తే, ఏళ్లనాటి పాచి ఉన్నపళంగా విడిపోయి నీళ్లలో కలిసిపోయింది. మస్తాన్‌వలి అది చూసి, "ఇన్ని కోట్ల పురుగులు ఒక్క మాటకు లేస్తాండాయి. మన వీధి మీటింగుకు నలుగుర్ని లేపలేకపోతాండాం," అని నవ్వాడు.

ఈ పాచి పిచ్చి ఆమెకు ఎక్కడినుంచి పట్టుకుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె చిన్నప్పుడు బోరురాడ్డు జారి ఎర్రిస్వామి కాలి మీద పడింది. ఎముకకు ఉక్కుకమ్మీ వేశారు. కొన్నాళ్లు చీము కారింది, తర్వాత ఎండింది. అప్పటి డాక్టరు ఎర్రిస్వామికి అర్థమయ్యేలా చెప్పాడు: "కమ్మీ మీద క్రిములు ఇల్లు కట్టుకున్నాయి. మందు లోపలికి పోదు. ఇప్పుడవి నిద్రపోతున్నాయి. లేపకండి." ఆ మాట విన్న పసిది చాలా కాలం తండ్రి మంచం పక్కన మునివేళ్ల మీద నడిచేది. అవి లేస్తాయేమోనని.

*

ఆదివారం మధ్యాహ్నం పెన్నేశ్వరి భోజనానికి ఇంటికొచ్చింది. నేల మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. తండ్రి వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నడుము నుంచి కిందికి గొంగడి కప్పుకుని ఉన్నాడు.

"నాయనా, ఈ ఎండలో గొంగడేంది?"

"ఊరికే. దోమలు."

"పగటిపూట దోమలా?" వంటింట్లోంచి తల్లి సుంకమ్మ అందుకుంది. "అడుగు, అడుగు. నాకు చెప్పడు. టీ అంగడికి పోయి రెండ్రోజులాయ. ఆ అంగడోడే, పెద్దాయన బాగుండాడా అని మనిషిని పంపినాడు. నీళ్ల ముచ్చట చెప్పీ చెప్పీ గొంతు అలిసిందంట, అందుకని పోలేదంట. ఈయప్ప గొంతు అలిసేది నేను యాన్నాడూ చూడలే."

పెన్నేశ్వరి దగ్గరికి పోయి గొంగడి లాగింది. ఆయన పట్టుకున్నాడు గానీ పట్టులో బలం లేదు. కాలు మోకాలి కిందనుంచి ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. పాత మచ్చ చుట్టూ వంకాయరంగు కమ్ముకుంది. చెయ్యి వేస్తే పెనం తాకినట్లుంది. ఆ వేడిలోనూ ఆయన దవడలు చలితో టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎప్పుట్నుంచి?"

ఆయన గొంగడి మళ్లీ కాలి మీదికి లాక్కున్నాడు.

"నాయనా. ఎప్పుట్నుంచి?"

"తొలినీళ్లు తాగిన మర్నాడు సలిపింది. మెట్లు ఎక్కినా గదా, దానికనుకుంటి."

"రెండ్రోజులు ఏంటికి చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఏమేమో ఆలోచన చేసి నీళ్లు ఆపుతావు." కళ్లు తిప్పుకున్నాడు. "నాకు తెలీదా నీ సంగతి? ఊరు ఊరంతా ఎర్రిస్వామి కూతురు నీళ్లు తెచ్చిందంటాండారు. నా కాలు ఇప్పుటిదా? అదెప్పుడూ అంతే."

ఆ మాటలో ఆయనకు తెలియకుండానే అంతా ఉంది. ఆ కాలు ఎప్పుడూ అంతే కాదు. అది నిద్రపోయిన కాలు. ఎవరో లేపారు.

*

పెద్దాసుపత్రిలో డాక్టర్ షాహీన్ రక్తం తీయించింది, కాలికి ఫోటో తీయించింది. రాత్రంతా సెలైన్లు ఎక్కాయి. తెల్లారాక పెన్నేశ్వరిని వరండాలోకి పిలిచింది. చిన్న వయసు డాక్టరే గానీ మాట నెమ్మది.

"రక్తంలోకి చేరింది. ఇన్నేళ్లు కదలని ఇన్ఫెక్షన్ ఒక్కసారిగా ఎందుకు లేచిందో నాకు అంతుపట్టడం లేదు. మందులు మొదలుపెట్టినాం. సాయంత్రానికి లొంగకపోతే మాత్రం మోకాలి కింద తియ్యాల్సొస్తుంది."

పెన్నేశ్వరి జరిగిందంతా చెప్పింది. డాక్టరు చివరిదాకా వింది.

"మీ పట్టీ మీద పాచి జారలేదంటిరి. నీళ్లలో మందు లేదంటిరి. మరి నీళ్లెట్ల కారణమవుతాయి? ఇట్లాంటివి వాటంతటవే కూడా లేస్తాయి మేడమ్. మీరు అనవసరంగా మీ మీద వేసుకుంటున్నారేమో."

ఆ మాట పట్టుకుని అక్కడే కూర్చోవచ్చు. ఒక్క క్షణం పెన్నేశ్వరికి అలాగే కూర్చోవాలనిపించింది. గోడ మీద గడియారం చూసింది. సోమవారం. మధ్యాహ్నం వాల్వు తిప్పుతారు.

"అమ్మా, నాయన దగ్గరుండు," అని చెప్పి ఆటో ఎక్కింది.

*

ప్లాంటు గేటు బయట అప్పటికే బిందెలు, డ్రమ్ములు, సైకిళ్లకు కట్టిన డబ్బాలు. పైపులో వచ్చే నీళ్ల కోసం ఇళ్లలో కాచుకోలేక, కళ్లారా చూద్దామని వచ్చినవాళ్లు. ఎవరో ఆమెను గుర్తుపట్టి, "అదో పెన్నమ్మ! దారియ్యండప్పా!" అన్నారు. ఆమె తల వంచుకుని వాళ్ల మధ్యలోంచి నడిచింది.

ప్రయోగశాలలో పాచి పెంచిన పట్టీలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకటి తీసుకుని తిన్నగా తొట్టి దగ్గరికి పోయింది. ఈసారి సీసాతో పనిపెట్టుకోలేదు. పట్టా అంచు ఎత్తి, ఆ చీకట్లోకి చెయ్యి చాపి, పట్టీని నీళ్లలోనే ముంచి పట్టుకుంది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత పాచి ఒక మూల లేచింది. మెల్లగా, కాగిన పాల మీద మీగడ ఊదినట్లు, మొత్తం మడతపడి జారిపోయింది. గాజు తళతళలాడింది.

ఆమె అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. నీళ్లలో వీడ్కోలు ఉంది. కావలసినంత ఉంది. మరి మొన్న పాచి ఎందుకు జారలేదు? అదే తొట్టి, అవే నీళ్లు. ఎత్తి పట్టుకున్న పట్టా అంచు కింద ఎండ సన్నటి గీతలా నీళ్ల మీద పడి మెరుస్తోంది. మిగతా అంతా నలుపు. ఆ గీతనే చూస్తూ ఉండగా ఆమెకు కిటికీ గట్టు గుర్తొచ్చింది. గట్టున సీసా. సీసా మీద ఎండ.

ప్రయోగాలన్నీ ఆ గదిలోనే చేసింది, ఆ కిటికీ పక్కనే. వీడ్కోలు సాయంత్రానికల్లా దానంతటదే విరిగిపోతుందని నమ్మింది. కానీ దాన్ని విరిచింది ఎండ. ఎండ సోకని చోట అది విరగనే లేదు. మొన్న పూజ అయ్యేలోపు సీసాలోని మందు చచ్చింది, తొట్టిలోని మందు బతికే ఉంది. ఆమె పరీక్షించింది సీసాను. తండ్రికి తాపింది తొట్టిని.

వెనక అడుగుల చప్పుడైంది. మస్తాన్‌వలి. ఆమె చేతిలోని ఖాళీ గాజు చూశాడు. అడగాల్సిన అవసరం రాలేదు.

"పెద్దాయనకు...?" అన్నాడు.

"కాలు తీస్తారేమో మస్తానన్నా."

అతను పట్టా తాడు పట్టుకుని నిలబడ్డాడు. "తాపాలని పట్టుబట్టింది నేనే పాపా."

"తాగొచ్చని చెప్పింది నేను."

*

"ఎంతమంది?" అన్నాడు విరూపాక్షప్ప. చెడ్డమనిషి కాదు. వారంరోజులుగా ఆయన ఇంట్లోనూ కొళాయి గుర్రుమంటోంది. "ఒంట్లో కమ్మీలుండేవాళ్లు ఈ ఊర్లో ఎంతమంది ఉంటారమ్మా? పదిమందా? ఇరవైమందా? వాళ్లకు తాగొద్దని చెప్దాం. మిగతా ఊరు ఎండి చావాల్నా?"

"కమ్మీ ఒకటే కాదు సార్. గుండెలో కవాటం, మార్చిన మోకాలిచిప్ప, కడుపులో రాళ్లు. లోపల ఏం నిద్రపోతాందో చాలామందికి తెలీదు. ఎవరికని చెప్తాం?"

"మీ నాయన చెంబెడు తాగినాడు, అదీ కడిగిన నీళ్లే. ఇప్పుడు తొట్టి నిండుగా ఉండాది, అంత పలచబడింటుంది."

"పలచబడిన నీళ్లలోనే ఇప్పుడు పాచి జారింది సార్."

ఆయన కుర్చీలోంచి లేచాడు. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది, ఎండలో మెరిసే బిందెలు కనిపిస్తున్నాయి. "నేనేమని చెప్పేది వాళ్లకు? మైకులో చెప్పించినా గదా! నీళ్లు ఆపితే రేపు గేటు ఉండదు, నువ్వు ఉండవు, నేను ఉండను. మీ నాయన కాబట్టి నీకు..."

"మా నాయన తాగేసినాడు సార్." ఆమె ఖాళీ గాజుపట్టీ ఆయన బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు ఆపినా మా నాయనకు ఒరిగేదేం లేదు."

విరూపాక్షప్ప కిటికీ తలుపు మూసేశాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. సుంకమ్మ. ఏడుస్తోంది. "మీ నాయన స్పృహ తప్పి తప్పి వస్తాండాడు. సాయంత్రందాకా ఆగేటట్ల లేదంటాంది డాక్టరమ్మ. కాలు తియ్యాలంటే సంతకం పెట్టాలంట. నువ్వు రానిదే పెట్టనంటాండాడు. వస్తాండావా?"

పెన్నేశ్వరి గోడకు ఆనుకుంది. తను ఇక్కడినుంచి కదిలితే వాల్వు తిరుగుతుంది. విరూపాక్షప్ప తిప్పకపోయినా గేటు బయటివాళ్లు తిప్పిస్తారు. కదలకపోతే...

"నాయనకియ్యమ్మా."

ఫోనులో బరువైన ఊపిరి వినిపించింది.

"పెన్నమ్మా. నీళ్లు వదిలినారా?"

"లేదు నాయనా."

"ఏంటికి?"

"నాది తప్పు. నీళ్లలో మందు ఉండాది. నీ కాలును లేపింది అదే. నేనే తాపినా."

అవతలినుంచి ఆసుపత్రి ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వచ్చింది.

"అయితే నువ్వు ఆడనే ఉండు," అన్నాడు ఎర్రిస్వామి చివరికి. "ఇది డాక్టరమ్మ పని. అది నీ పని. సుంకీ, ఆ కాగితం ఇట్ల తే."

*

గేటు లోపల ఇటుకల కుప్ప ఉంటే దాని మీదికెక్కింది. మైకు లేదు, అరవాల్సి వచ్చింది.

"నీళ్లు ఈ రోజు రావు!"

గోల ఒక్కసారిగా ఎగసింది. ఆమె ఆగలేదు. మందు సంగతి, కిటికీ సంగతి, తొట్టి చీకటి సంగతి, తనకు తెలిసినంతా తెలిసిన మాటల్లో చెప్పేసింది. "మొన్న తొలినీళ్లు మా నాయనకు నేనే ఇచ్చినా. ఇప్పుడు ఆసుపత్రిలో ఆయన కాలు తీస్తాండారు."

"మీ నాయన మీద చూసినావా మందు!" ముందు వరసలో ఒకాయన అరిచాడు. "చదువుకున్నోళ్ల తెలివి ఇదా? నెల్లాళ్లు నోరూరించి ఇప్పుడు లేదంటారా!"

"థూ! ట్యాంకరోళ్ల దగ్గర ఎంత తిన్నారో కనుక్కోండి!"

ఒక బిందె గేటుకు తగిలి ఖంగుమంది. కొందరు తిట్టుకుంటూ సైకిళ్లు తిప్పారు. ఆ సందడిలో ఒక నడివయసు ఆవిడ జనాన్ని తోసుకుంటూ గేటు ఊచలదాకా వచ్చింది. చంకలో బిందె, చీరచెంగు తలమీద.

"పాపా, మా ఆయన గుండెకు కవాటం వేసినారు పోయినేడు. ఆయప్ప తాగకూడదా?"

"తాగకూడదక్కా."

ఆవిడ బిందె కింద పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆవిడ వైపు చూశారు. ఆ గుంపులో ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో ఎవరి ఒంట్లో ఏముందో లెక్కేసుకుంటున్నట్లు గోల తగ్గిపోయింది.

"ఎండ తగిలితే ఆ మందు చస్తాదంటివి గదా," అందావిడ. "మరి తొట్టి మీద పట్టా పీకెయ్యండి. ఎండకేం కరువు మనకు?"

"తొట్టి లోతక్కా. ఎండ అడుగుకు దిగదు. నీళ్లు చీలమండలోతున పరచాల. అంత జాగా..."

చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. ప్లాంటు వెనక ఎకరాలకొద్దీ బీడు ఉంది. ఒకప్పుడు వేరుశనగ పండిన నేల. ఇక తొట్టి మీద ఆ బీడంతా పరిచేటన్ని పట్టాలు.

"మస్తానన్నా! పట్టాలు విప్పు! విప్పి బీట్లో పరచండి! చుట్టూ గట్టు కట్టాల!"

"గట్టు కట్టేది మాకు నేర్పిస్తావా?" అన్నాడు ఇందాక అరిచినాయన, కోపం ఇంకా దిగకుండానే. "పారలు యాడుండాయి?"

మస్తాన్‌వలి గేటు తెరవడానికి ముందు విరూపాక్షప్ప వైపు చూశాడు. విరూపాక్షప్ప తటపటాయించి, ఆఫీసు తలుపు దగ్గరున్న మేకుకు కళ్లద్దాలు తగిలించి, చొక్కా చేతులు మడిచాడు.

అందరూ రాలేదు. సగంమంది తిట్టుకుంటూనే పోయారు. వచ్చినవాళ్లు పట్టాలు ఈడ్చారు, మట్టి తవ్వారు, గట్లు తొక్కారు. ఇన్నాళ్లూ ఎండను అడ్డుకున్న పట్టాలే ఎండలో మడులయ్యాయి. నీళ్లు వాటిలోకి పలచగా పారి, చూడలేనంతగా మెరిశాయి. ఎంతో కొంత ఆవిరవుతుంది, తప్పదు. మిగిలింది మళ్లీ జడల గుండా పంపి ఊరికి వదలాలి.

పెన్నేశ్వరి గట్టు మీద కూర్చుని గంటగంటకూ పట్టీ ముంచింది. మొదట పాచి జారింది. తర్వాతిది సగమే జారింది. పొద్దు వాలే వేళకు ముంచినప్పుడు మాత్రం పాచి పట్టీని వదల్లేదు. ఇంకోటి ముంచింది. అదీ వదల్లేదు. ఈసారి మడిలోనే, నాలుగు మూలలా ముంచి చూసింది. అప్పుడు ఫోను తీసి తల్లికి చేసింది.

"అయిపోయింది," అంది సుంకమ్మ. ఏడుపు లేదు, ఒట్టి అలసట. "కాలు పోయింది. మనిషి ఉండాడు."

*

"మీ మాట నమ్మనందుకు ఏమనుకోకండి," అంది డాక్టర్ షాహీన్ తర్వాత ఒకరోజు. "ఇట్లాంటి రక్తం ఇంత తొందరగా శుభ్రపడడం నేను చూడలేదు. ఇల్లు విడిచిన క్రిములు మందుకు ఇట్టే లొంగినాయి. ఎముక అప్పటికే చెడింది గానీ... మీ మందు సరైన చేతిలో, సరైన వేళకు ఉంటే..."

పెన్నేశ్వరి తల ఊపింది. ఆ మాట విన్నందుకు ఆమెకు సంతోషం కలగలేదు. అలాగని కొట్టెయ్యనూలేదు. దాన్ని గురించి ఆలోచించాలంటే ముందు మంచం మీద దుప్పటి ఒకవైపు పల్లంగా ఉండడం అలవాటు కావాలి.

ఎర్రిస్వామి ఆ సంగతి ఎత్తలేదు. ఒకసారి మాత్రం, "పోనీలే, పురుగులకు బాడుగ లేకుండా ఇన్నేళ్లు ఇల్లిచ్చినా," అన్నాడు. సుంకమ్మ కొట్టడానికి చెయ్యెత్తి ఏడ్చింది.

*

చలికాలానికి జడలు మళ్లీ మూసుకున్నాయి. మళ్లీ వీడ్కోలుతో కడిగారు. ఇప్పుడు రూలు వేరు. కడిగిన నీళ్లు ముందు ఎండమడులకు పోతాయి. మడి దాటకుండా ఏ చుక్కా ఏ నోటికీ పోదు. ఆ రోజు టెంకాయ తెచ్చారు గానీ చెంబు మాట ఎవరూ ఎత్తలేదు. మస్తాన్‌వలి వాల్వు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

చంకకర్ర చప్పుడు విని అందరూ తిరిగి చూశారు.

ఎర్రిస్వామి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో చెంబు తళతళలాడుతోంది. ఎవరి సాయమూ లేకుండా తొట్టిదాకా వచ్చి, "ముంచు," అని మస్తాన్‌వలికి ఇచ్చాడు.

"పెద్దాయనా, వద్దు..."

"ముంచప్పా."

మస్తాన్‌వలి పెన్నేశ్వరి వైపు చూశాడు. ఆమె చెంబుకు చెయ్యి అడ్డం పెట్టింది. "నాయనా, ఇవి ఎండ తినలేదు," అంది.

"తెలుసు."

నిండు చెంబు అందుకుని ఎర్రిస్వామి అందరి వైపూ ఒకసారి చూశాడు. జీవితంలో ఎన్నడూ ఆయన చేతిలోంచి తొలినీళ్లు చుక్క కింద పడలేదు.

"తొలినీళ్లు పెద్దతలకే ఇయ్యాల," అన్నాడు. "ఈడ ఈ నేలకంటే పెద్దతల ఎవరప్పా?"

చంకకర్ర మీద ఒరిగి, ఎండకు వేడెక్కిన బండ మీద చెంబు వంచాడు. నీళ్లు బండ మీద నల్లగా పరుచుకున్నాయి. అంచులనుంచి మొదలై ఆ తడి చిన్నదై, చిన్నదై, చూస్తుండగానే ఎండలోకి పోయింది.

ఖాళీ చెంబు కూతురి చేతిలో పెట్టాడు.

"రేపు మడి నీళ్లు పట్టుకొని రా. ముందు నువ్వు తాగు. రుచి నాకు నువ్వు చెప్పు."